కాలికాక్ వంశవృక్షం: ఒక పునఃపరిశీలన

ఉపాధ్యాయ శిక్షణకు ఉద్దేశించిన మనస్తత్వశాస్త్ర గ్రంథాలలో అనువంశికతను గురించిన అధ్యాయం తెరిస్తే రెండు అమెరికన్ కుటుంబాల పేర్లు తరచుగా కనిపిస్తాయి. ఒకటి జ్యూక్స్ కుటుంబం, రెండవది కాలికాక్ కుటుంబం. ఉపాధ్యాయ అర్హత పరీక్షలకు తెలుగులో చదివే అభ్యర్థులు "కాలికాక్ కుటుంబం – గొడ్డార్డ్" అనే జతను కంఠస్థం చేస్తారు. పరీక్షలో ఒక మార్కు వస్తుంది. కాని గొడ్డార్డ్ గ్రంథం ఏమి చెప్పింది, అందుకు చూపిన ఆధారాలు ఎటువంటివి, అవి పరీక్షకు నిలిచాయా అన్న ప్రశ్నలు ఆ జత వెనుక మరుగున పడిపోయాయి. ఒక వంశానికి మూలపురుషుణ్ణి వెదకి, అతని నుండి కొమ్మలు గీయడం మామూలు పనిగానే కనిపిస్తుంది. ఆ పని అజాగ్రత్తగా జరిగితే ఎంత దూరం పోతుందో చెప్పడానికి ఈ గ్రంథాన్ని మించిన ఉదాహరణ దొరకడం కష్టం.

గ్రంథం చెప్పిన కథ

హెన్రీ హెర్బర్ట్ గొడ్డార్డ్ (1866–1957) అమెరికాలో పేరొందిన మనస్తత్వ శాస్త్రజ్ఞుడు. 1906 నుండి న్యూజెర్సీ రాష్ట్రంలోని వైన్‌లాండ్ శిక్షణ పాఠశాలలో పరిశోధన శాఖకు అధిపతిగా పనిచేశాడు. మందబుద్ధులని భావించిన బాలబాలికలను ఉంచి చదువు, చేతిపనులు నేర్పే సంస్థ అది. ఫ్రాన్సులో బినే రూపొందించిన బుద్ధి పరీక్షను అమెరికాకు తెచ్చినవారిలో గొడ్డార్డ్ ముఖ్యుడు. 1912లో ఆయన "కాలికాక్ కుటుంబం" అనే గ్రంథం ప్రకటించాడు. కాలికాక్ అన్నది ఎవరి ఇంటిపేరూ కాదు. గ్రీకు భాషలో మంచి, చెడు అనే అర్థాలిచ్చే రెండు మాటలను కలిపి ఆయన కల్పించిన మారుపేరు. ఆ పేరులోనే గ్రంథం తేల్చదలచుకున్న సిద్ధాంతం ఇమిడి ఉన్నది.

కథ ఇది. వైన్‌లాండులో డెబొరా అనే మారుపేరుతో వర్ణించబడిన ఒక యువతి ఉండేది. 1897లో, ఎనిమిదేళ్ళ వయస్సున, ఆమెను అక్కడ చేర్చారు. ఆమె పూర్వీకులను వెదకుతూ పోయిన పరిశోధకులు అమెరికా స్వాతంత్ర్య యుద్ధకాలపు సైనికుడొకని వరకు వెళ్ళారు. అతనికి మార్టిన్ కాలికాక్ అని పేరు పెట్టారు. మంచి కుటుంబంలో పుట్టిన ఈ యువకుడు 1776 ప్రాంతంలో పౌరసైన్యంలో ఉండగా, ఒక మద్యశాలలో పేరు తెలియని మందబుద్ధి గల పడుచుతో సంబంధం పెట్టుకున్నాడనీ, వారికొక కొడుకు కలిగాడనీ, తల్లి ఆ బిడ్డకు తండ్రి పేరే పెట్టిందనీ గ్రంథం చెబుతుంది. తరువాత సైనికుడు ఇంటికి తిరిగివచ్చి, క్వేకర్ మతశాఖకు చెందిన మర్యాదస్థుల పిల్లను పెండ్లాడాడు. ఆ విధంగా ఒకే పురుషుని నుండి రెండు శాఖలు బయలుదేరాయి.

మద్యశాల శాఖలో గొడ్డార్డ్ 480 మందిని లెక్కించాడు. వారిలో 143 మంది మందబుద్ధులనీ, 46 మంది మాత్రమే సామాన్యులనీ, మిగిలినవారి సంగతి తెలియలేదనీ లేదా సందేహమనీ రాశాడు. ధర్మపత్ని శాఖలో 496 మంది. వారు వైద్యులు, న్యాయవాదులు, న్యాయమూర్తులు, విద్యావేత్తలు, భూస్వాములు. వారిలో దారి తప్పినవారు ముగ్గురే, మందబుద్ధి ఒక్కరూ లేరు. తండ్రి ఒక్కడే, తల్లులు వేరు. కనుక బుద్ధిమాంద్యానికి కారణం రక్తమే గాని పరిసరాలు కావని ఆయన తేల్చాడు.

చదివేవారికి ఇది ప్రకృతి తానే చేసి చూపిన ప్రయోగంలా తోస్తుంది. అందుకే ఆ గ్రంథం పలుమార్లు అచ్చయింది. 1914లో జర్మన్ భాషలోకి వెళ్ళింది. నాజీలు అధికారానికి వచ్చిన తరువాత అక్కడ మళ్ళీ అచ్చయింది. 1955లో అమెరికాలో వెలువడిన గారెట్ మనస్తత్వశాస్త్ర పాఠ్యగ్రంథంలో సైతం ఒక ప్రక్క మర్యాదస్థులు, మరొక ప్రక్క కొమ్ములు మొలిచిన పిల్లలు గల బొమ్మగా ఈ కథ విద్యార్థులకు అందింది.

వంశాన్ని వెదకే పద్ధతి

ఒక అమెరికన్ కుటుంబపు పూర్వీకుణ్ణి వెదకడానికి ఆధారాలకు కొదవలేదు. చర్చి రిజిస్టర్లలో జ్ఞానస్నానాలు, వివాహాలు, మరణాలు నమోదై ఉంటాయి. కౌంటీ కచేరీలలో భూమి దస్తావేజులు, వీలునామాలు, ఆస్తి పంపకాల కాగితాలు ఉంటాయి. స్వాతంత్ర్య యుద్ధంలో పనిచేసినవారు తరువాతి కాలంలో పింఛను కోసం పెట్టుకున్న అర్జీలు ఉన్నాయి. సమాఖ్య ప్రభుత్వం 1790 నుండి పదేళ్ళకొకసారి జనాభా లెక్కలు తీస్తున్నది.

ఐతే వీటిలో ఒక లోటు ఉన్నది. 1850కి ముందు జరిగిన జనాభా లెక్కలలో ఇంటి యజమాని పేరు మాత్రమే రాసేవారు. భార్యాబిడ్డలు ఏ వయస్సువారు ఎందరన్న అంకెలుగానే మిగిలిపోయేవారు. 1850 నుండి బానిసలు కాని ప్రతి వ్యక్తి పేరూ ఎక్కింది. కాబట్టి 1776 నాటి వ్యక్తిని వెదకేవారు ఒక్క ఆధారంతో ఆగిపోకూడదు. తెలిసిన తరం నుండి తెలియని తరానికి ఒక్కొక్క మెట్టే ఎక్కాలి. ప్రతి మెట్టుకు, అనగా "ఇతను అతని కొడుకు" అన్న ప్రతి మాటకు, కాగితపు సాక్ష్యం కావాలి.

ఇందులో పెద్ద చిక్కు ఒకే పేరు గల ఇద్దరు మనుషులు. తాత పేరు మనుమడికి పెట్టే తెలుగు ఇండ్లలో ఈ చిక్కు అందరికీ అనుభవమే. ఒకే ఊళ్ళో, ఒకే ఇంటిపేరుతో, ఇద్దరు వెంకటసుబ్బయ్యలుంటే పట్టా ఎవరిది, అప్పు ఎవరిది అని కరణం కూడా తడుముకుంటాడు. పినతండ్రి బిడ్డలు, వారి బిడ్డలు ఒకే పేరుతో తిరిగే చోట పేరొక్కటే చూసి చుట్టరికం కట్టడం ప్రమాదం.

గొడ్డార్డ్ వంశవృక్షాన్ని నిర్మించడానికి సమాచారం సేకరించింది ఎలిజబెత్ కైట్ అనే క్షేత్ర సహాయకురాలు. ఆమె కష్టపడి పల్లెలు తిరిగింది. వృద్ధులను కలుసుకున్నది. కాని ఆమె పద్ధతిలో రెండు లోపాలున్నాయి. మొదటిది, బ్రతికి ఉన్నవారిలో అనేకులను బుద్ధి పరీక్ష ఏదీ చేయకుండానే, చూపును బట్టి, ఇంటి వాలకాన్ని బట్టి, సంభాషణను బట్టి మందబుద్ధులుగా నిర్ణయించడం. రెండవది, చనిపోయినవారి బుద్ధిని ఇరుగుపొరుగు చెప్పిన మాటలనుబట్టి నిర్ణయించడం. మద్యశాల పడుచు పేరు కూడా తెలియదు. ఆమె చనిపోయిన ఎన్నో దశాబ్దాలకు, ఆమెను ఎన్నడూ చూడనివారు ఆమె మందబుద్ధి అని తీర్పు చెప్పారు. ఇటువంటి తీర్పుల విలువను 1925లోనే ఏబ్రహం మయర్సన్ అనే మనోవైద్యుడు నిశితంగా ప్రశ్నించాడు. పాఠ్యగ్రంథాలు ఆయన ప్రశ్నను పెద్దగా చెవిని పెట్టలేదు.

అంకెలను మరొకసారి చూస్తే మరో విషయం బయటపడుతుంది. 480 మందిలో మందబుద్ధులు 143, సామాన్యులు 46. ఈ రెండూ కలిపితే 189. మిగిలిన 291 మంది తెలియనివారు, లేదా సందేహాస్పదులు. అనగా నూటికి అరవైమందిని గురించి గ్రంథకర్త స్వయంగా ఏమీ తేల్చలేకపోయాడు. తరగతి గది వరకు చేరినది 143 అనే అంకె ఒక్కటే. 291 అనే అంకె దారిలోనే జారిపోయింది.

తెగిన కొమ్మ

గ్రంథంలో పేర్లన్నీ మారుపేర్లు గనుక ఎవరూ రికార్డులను సరిచూసే వీలు లేకపోయింది. వ్యక్తుల మర్యాద కాపాడడానికే ఆ ఏర్పాటు. కాని దాని ఫలితంగా డెబ్బై ఏళ్ళకు పైగా ఒక శాస్త్రీయ నిర్ధారణ పరిశీలనకు అందకుండా ఉండిపోయింది. 1985లో జె. డేవిడ్ స్మిత్ ఈ గ్రంథాన్ని గురించి వెలువరించిన పుస్తకంతో ఆ తెర తొలగింది. ఆ కుటుంబపు అసలు ఇంటిపేరు వుల్వర్టన్ అని తరువాత లోకానికి తెలిసింది. 2001లో డేవిడ్ మెక్‌డొనాల్డ్, నాన్సీ మెక్‌ఆడమ్స్ అనే వంశచరిత్రకారులు వుల్వర్టన్ కుటుంబ చరిత్రను ప్రకటించారు.

వారు కనుగొన్నది ఇది. గొడ్డార్డ్ చెప్పిన సైనికుడు జాన్ వుల్వర్టన్ (1755–1837). మద్యశాలలో పుట్టినట్లు చెప్పిన కొడుకు పేరు కూడా జాన్ వుల్వర్టనే (1776–1861). కాని ఈ రెండవ జాన్ మొదటి జాన్ కొడుకు కాడు. గేబ్రియల్ వుల్వర్టన్‌కు, అతని భార్య కేథరిన్ మరేకు పుట్టిన బిడ్డ. ఇద్దరు జాన్‌లూ రెండు తరాల క్రిందట విడిపోయిన అన్నదమ్ముల మనుమలు, అనగా దూరపు దాయాదులు. ఒకే పేరు గల ఇద్దరిని తండ్రీకొడుకులుగా కట్టడంలోనే పొరపాటు జరిగింది.

ఒక్క కీలు ఊడడంతో వృక్షమంతా కూలింది. "తండ్రి ఒక్కడే, తల్లులు వేరు" అన్నది గ్రంథానికి పునాది. ఆ పునాదే లేకపోతే రెండు శాఖలను పోల్చడంలో అర్థం లేదు. దూరపు చుట్టాలైన రెండు కుటుంబాలలో ఒకటి కలిగినది, మరొకటి అంతగా కలగనిది అన్న మాటే మిగులుతుంది.

అంతటితో ఆగలేదు. గొడ్డార్డ్ గ్రంథంలో ఊరివారు "ముసలి భూతం" అని పిలిచినట్లు వర్ణించబడిన ఆ రెండవ జాన్ నిజానికి భూవసతి కలవాడు. 1809లో నగదు చెల్లించి రెండు భూభాగాలు కొన్నట్లు దస్తావేజులు చెబుతున్నాయి. 1850 జనాభా లెక్కలలో అతను కూతురి ఇంట్లో, మనుమలతో ఉన్నట్లు కనిపిస్తుంది. ఆ ఇంటిలోని పెద్దవారందరూ చదవగలవారుగానే నమోదయ్యారు. అతని సంతతిలో పేద రైతులు ఉన్న మాట నిజమే. ఉపాధ్యాయులు, బ్యాంకు కోశాధికారి, సైనిక విమాన చోదకుడు కూడా ఉన్నారు.

రక్తం లెక్క

వంశవృక్షం సరైనదే అనుకున్నా గొడ్డార్డ్ నిర్ధారణ నిలుస్తుందా అన్నది వేరొక ప్రశ్న. సైన్సు ఉపాధ్యాయులకు ఇది ఎక్కువ ఉపయోగపడుతుంది.

బటానీ మొక్కలపై మెండెల్ చేసిన ప్రయోగాల ఫలితాలు 1866లో అచ్చయినా, 1900 వరకు వాటి విలువ ఎవరికీ తెలియలేదు. తెలిసిన తరువాత కొందరు శాస్త్రజ్ఞులు ప్రతి మానవ లక్షణాన్నీ ఒక జత కారకాలకు ముడిపెట్టసాగారు. 1914లో ప్రకటించిన పెద్ద గ్రంథంలో గొడ్డార్డ్ కూడా బుద్ధిమాంద్యం అటువంటి అంతర్గత లక్షణమని వాదించాడు.

ఆ వాదాన్నే అంగీకరించి చూద్దాము. సామాన్య బుద్ధి కారకాన్ని "బ" అనీ, మాంద్య కారకాన్ని "మ" అనీ అనుకుంటే, రెండు "మ"లు కలిసినప్పుడే మాంద్యం బయటపడాలి. మద్యశాల పడుచు "మమ". సైనికుడు మచ్చలేనివాడైతే "బబ". వారి బిడ్డ "బమ" అవుతాడు, అనగా పైకి సామాన్యుడే. అలా కాక బిడ్డ మందబుద్ధి కావాలంటే సైనికుడు కూడా "బమ" అయి ఉండాలి. అప్పుడు ధర్మపత్నికి పుట్టిన పిల్లలలోనూ సగటున సగంమందికి "మ" సంక్రమించాలి. మంచి రక్తం, చెడ్డ రక్తం అన్న విభజన ఆ సిద్ధాంతం లెక్క ప్రకారమే నిలవదు.

మరొక లెక్క. రెండవ జాన్ డెబొరాకు ముత్తాతకు తండ్రి. కనుక సైనికుడూ, మద్యశాల పడుచూ ఆమెకు ఐదు తరాల పైవారు. మనిషికి తల్లిదండ్రులు 2, వారి తల్లిదండ్రులు 4, ఆపైన 8, 16, ఐదవ తరంలో 32. ఆ ముప్పైఇద్దరిలో ఆమెకు పూర్వీకులుగా కథకెక్కినవారు ఇద్దరు. మిగిలిన ముప్పైమంది నుండి కూడా ఆమెకు రక్తం వచ్చింది. మూలపురుషుణ్ణి మాత్రమే పట్టుకుని కొమ్మలు గీసే ప్రతి వంశవృక్షంలోనూ ఈ మరుపు ఉంటుంది. కీర్తిమంతుడైన పూర్వీకుణ్ణి చెప్పుకుని గర్వపడేవారికీ ఇదే లెక్క వర్తిస్తుంది.

ఈనాటి జన్యుశాస్త్రం ప్రకారం మనిషి తెలివి ఒక జత జన్యువులపై ఆధారపడేది కాదు. స్వల్ప ప్రభావం గల అనేక జన్యువులు, వాటితో పాటు గర్భస్థ దశ నుండి అందే పోషణ, జబ్బులు, చదువు, ఇంటి పరిస్థితులు కలిసి దానిని రూపొందిస్తాయి. కొన్ని ప్రత్యేక మాంద్యాలకు ఒకే జన్యులోపం కారణమైన సందర్భాలు ఉన్నాయి. కాని వాటిని రక్తపరీక్షతోనో, వైద్యపరీక్షతోనో నిర్ధారిస్తారు. ఇంటి అరుగు మీది చెత్తను చూసి నిర్ధారించరు.

పరిసరాలు కూడా వంశంలో దిగివచ్చేవే. గొడ్డార్డ్ లెక్కించిన 480 మందిలో 82 మంది శైశవంలోనే చనిపోయారు. అది రక్తదోషానికి సాక్ష్యమా, లేక పేదరికానికి, వైద్యం లేకపోవడానికి సాక్ష్యమా? భూమి, చదువు, పలుకుబడి ఒక శాఖలో తరతరాలుగా పంపకమైతే, మరొక శాఖలో అప్పులు, కూలిపని పంపకమవుతాయి. "ఆవు చేలో మేస్తే దూడ గట్టున మేస్తుందా" అన్న సామెతను అనువంశికతకు రుజువుగా చెబుతుంటారు. నిజానికి ఆ సామెతలో దూడ చేలో మేసింది ఆవు రక్తం వలన కాదు, ఆవు వెంట నడిచినందువలన. జ్యూక్స్ కుటుంబంపై 1877లో గ్రంథం రాసిన డగ్‌డేల్ కూడా పరిసరాలకు గొప్ప పాత్ర ఉన్నదనే చెప్పాడు. పాఠ్యగ్రంథాలు ఆయన పేరును మాత్రం అనువంశికత వైపే చేర్చుకున్నాయి.

విమర్శలోనూ జాగ్రత్త

గొడ్డార్డ్‌ను విమర్శించినవారు కూడా అన్ని చోట్లా గెలవలేదు. గ్రంథంలోని "చెడ్డ" శాఖవారి ఛాయాచిత్రాలలో కళ్ళకు, నోటికి నల్లని గీతలు దిద్ది ఉన్నాయని స్టీఫెన్ జే గౌల్డ్ 1981లో ఎత్తిచూపాడు. వారిని క్రూరులుగా కనిపించేటట్లు చేయడానికే ఆ దిద్దుబాటు అన్నాడు. దిద్దిన మాట నిజమే. కాని ఆనాడు ఫోటోలు స్పష్టంగా అచ్చు కావడానికి అలా దిద్దడం అలవాటేనని 1987లో రేమండ్ ఫాంచర్ సమాధానమిచ్చాడు. దురుద్దేశం ఉన్నదని చెప్పాలంటే దానికీ సాక్ష్యం కావాలి. గొడ్డార్డ్ ఏ సూత్రం మీరాడో ఆయన విమర్శకులూ ఆ సూత్రాన్ని మీరరాదు.

ఆయన గురించి మరొక మాట కూడా చెప్పడం న్యాయం. వెనుకబడిన పిల్లలకు ప్రత్యేక తరగతులు ఉండాలని పోరాడినవారిలో ఆయన ఒకడు. 1928లో తన పూర్వాభిప్రాయాలను చాలవరకు సవరించుకుని, తాను ప్రత్యర్థుల పక్షాన చేరినట్లే ఉన్నదని ఒప్పుకున్నాడు. ఐనా 1942లో కాలికాక్ గ్రంథాన్ని మాత్రం మళ్ళీ సమర్థించాడు. శాస్త్రజ్ఞుడు సిద్ధాంతాన్ని వదులుకున్నంత తేలికగా తనకు పేరు తెచ్చిన కథను వదులుకోలేడు కాబోలు.

ఎవరు మూల్యం చెల్లించారు

1907లో ఇండియానా రాష్ట్రంతో మొదలై, అమెరికాలోని పలు రాష్ట్రాలు "అయోగ్యులు" అనుకున్నవారికి బిడ్డలు పుట్టకుండా నిర్బంధ శస్త్రచికిత్స చేసే చట్టాలు తెచ్చాయి. 1927లో అక్కడి సుప్రీంకోర్టు వర్జీనియా చట్టాన్ని సమర్థించింది. ఇరవయ్యవ శతాబ్దంలో అరవై వేలమందికి పైగా ఆ శస్త్రచికిత్సలకు గురయ్యారు. అదంతా ఒక్క గ్రంథం వలన జరిగిందనడం అతిశయోక్తి. కాని అటువంటి చట్టాలకు జనం తలలూపేటట్లు చేసిన కథలలో కాలికాక్ కథ ముఖ్యమైనది.

ఇక డెబొరా. ఆమె కొయ్యపనిలో నేర్పరి. కుట్టుపని బాగా చేసేది. కార్నెట్ అనే ఊదే వాద్యం వాయించేది. చిన్నపిల్లలను, రోగులను ఓపికతో చూసుకునేది. ఈ సంగతులలో చాలావరకు గొడ్డార్డ్ గ్రంథంలోనే ఉన్నాయి. అయినా బినే పరీక్షలో ఆమె మానసిక వయస్సు తొమ్మిదేళ్ళని తేలినందున, పైగా వంశవృక్షం అలా చెబుతున్నందున, ఆమెను బయటికి పంపడం ప్రమాదమని తీర్మానించారు. చేతిపని కంటికి కనిపిస్తుండగా, కనిపించని ముత్తవ్వ కథే ఎక్కువ బరువు తూగింది. 1897లో సంస్థలో చేరిన ఆమె 1978లో కన్నుమూసేవరకు, ఎనభై ఒక్క సంవత్సరాలు, సంస్థల గోడల మధ్యనే గడిపింది.

తరగతి గదిలో

కాలికాక్ కుటుంబాన్ని పాఠం నుండి తొలగించనక్కరలేదు. దానిని అనువంశికతకు రుజువుగా కాక, రుజువు ఎలా ఉండకూడదో చూపే ఉదాహరణగా చెప్పవచ్చు. ఉపాధ్యాయుడు నల్లబల్ల మీద ఆ వృక్షం గీసి, ఒక్కొక్క గీత దగ్గర ఆగి, "ఇది ఎవరు చెప్పారు? చూసి చెప్పారా, విని చెప్పారా? కాగితం ఉన్నదా?" అని విద్యార్థులను అడగవచ్చు. సమాధానం లేని గీత దగ్గర ప్రశ్నార్థకం పెట్టించవచ్చు. ఇష్టమున్న విద్యార్థులు తమ ఇంటి వంశవృక్షాన్నే ఈ పద్ధతిలో గీసి చూడవచ్చు. తండ్రి వైపుతో పాటు తల్లి వైపు, అవ్వల వైపు కూడా రాయాలి. దస్తావేజు చూసి రాసిన పేరుకు ఒక గుర్తు, పెద్దలు చెప్పగా రాసిన పేరుకు వేరొక గుర్తు పెట్టాలి. మూడు తరాలు దాటేసరికి రెండవ గుర్తులే ఎక్కువవుతాయి.

ఆ పని ఒక్కసారి చేసిన విద్యార్థి, చివరి బల్ల మీద కూర్చున్న తోటి పిల్లవాణ్ణి చూపి ఎవరైనా "వాళ్ళ వంశమే అంత" అన్నప్పుడు, అది ఎవరు చూశారని అడగగలుగుతాడు.